మా చెల్లెలు క్లినికల్ పోస్టింగులకు భయపడి నర్సింగ్ మానేస్తానంటోంది, ఏం చేయాలి?

మీ చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉందనీ, వార్డు పోస్టింగులు (ఆసుపత్రి వార్డుల్లో పనిచేస్తూ నేర్చుకోవడం) మొదలైనప్పటి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదనీ, చదువు మానేస్తానని ఏడుస్తోందనీ రాశారు. నేనూ కోస్తా జిల్లాలో ఒక కళాశాలలో అదే కోర్సు చదివి, తొమ్మిదేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆమె భయం రక్తాన్ని చూసో, రోగులను చూసో కాకపోవచ్చునని నాకనిపిస్తోంది. తప్పు చేస్తే పదిమందిలో మాట పడాల్సి వస్తుందన్న భయమే నన్ను ఎక్కువగా కుంగదీసింది.

మెడికల్ వార్డులో నా మొదటి వారంలో, విరేచనాలతో చేరిన ఒక ముసలావిడకు బీపీ చూడమన్నారు. కట్టెపుల్లలాంటి చేతికి కఫ్ చుట్టి రెండుసార్లు గాలి కొట్టినా స్టెతస్కోపులో నాకేమీ వినిపించలేదు. అంతకుముందు రోజే ఇన్‌చార్జి సిస్టర్ "ఇన్నాళ్లూ మీకు ఏం నేర్పారమ్మా?" అని వార్డంతా వినేలా అన్నారు. మళ్లీ ఆ మాట పడలేక, చార్టులో మామూలుగా ఉండే 120/80 అని రాసేశాను. అరగంట తరువాత మా ట్యూటర్ మళ్లీ చూస్తే 90/60 ఉంది. అప్పటికే సెలైన్ ఎక్కుతోంది కాబట్టి సరిపోయింది గానీ, నేను రాసిన అంకెను నమ్మి ఎవరైనా దాన్ని ఆపేసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ట్యూటర్ నన్ను తిట్టలేదు. నా వేళ్లను ముసలావిడ మోచేతి మడతలో పెట్టించి, నాడి కొట్టుకునే చోటు దొరికేదాకా ఆగారు. కఫ్‌కు గాలి కొడుతూ, మణికట్టు దగ్గర నాడి వేళ్లకు అందకుండా పోయాక ఇంకో 30 పాయింట్లు ఎక్కించి, మెల్లగా గాలి వదలమన్నారు. ఈసారి చప్పుడు వినిపించింది. "వినిపించకపోతే వినిపించలేదని చెప్పు, అంకె మాత్రం సొంతంగా వేయకు" అన్నారు. మీ చెల్లెలికి ఈ ఒక్క మాట చెప్పండి: "నాకిది రాదు సిస్టర్, ఒక్కసారి పక్కన నిలబడండి" అని అడగడం విద్యార్థి హక్కు.

భయంతో దాచిపెట్టే మరో సంగతి సూది గుచ్చుకోవడం. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సూది గుచ్చుకుంటే ఆ చోటును పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, రెండు గంటల్లోపు అయితే మరీ మంచిది, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్-బీ టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో ఈరోజే అడగండి.

అలసట కూడా తక్కువేమీ కాదు. ఉదయమంతా వార్డులో నిలబడి, మధ్యాహ్నం క్లాసులో కూర్చుని, రాత్రి హాస్టల్లో కేర్ ప్లాన్లు, కేస్ స్టడీలు రాసుకునేసరికి పన్నెండు దాటుతుంది. సిబ్బంది చాలని చోట విద్యార్థులతోనే స్ట్రెచర్లు తోయించడం, శాంపిళ్లు మోయించడం నేను చూశాను. అది నేర్పడం కాదు, దాన్ని గురించి ట్యూటర్‌కు చెప్పుకోవడంలో తప్పులేదు.

ఫోన్ చేసినప్పుడు మానేస్తావా, ఉంటావా అని అడగకుండా, ఆ రోజు వార్డులో ఏం జరిగిందో, ఎవరేమన్నారో అడగండి. ఒకే మనిషి పదేపదే అవమానిస్తున్నారని తెలిస్తే ఇంట్లో పెద్దవారు వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి. నిద్రలేమి వారాల తరబడి సాగినా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మానేయాలా వద్దా అన్నది మాత్రం ఒక్క వార్డును చూసి తేల్చుకోవద్దనండి. నాకైతే ఆర్నెల్ల తరువాత పిల్లల వార్డుకు మారాకే కంటినిండా నిద్ర పట్టింది.