ఫంక్షన్ హాల్ డీజే: రాత్రి పది దాటాక మీటర్ రీడింగ్ అక్కర్లేదు

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా ఇంటి వెనకే ఫంక్షన్ హాల్. పైన రేకులు, పక్కలన్నీ ఖాళీ. ముహూర్తాల రోజుల్లో ఒంటిగంట దాకా డీజే. నాన్నగారు గుండె జబ్బు మనిషి. 100కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు, సౌండ్ తగ్గుతుంది, వాళ్లు కదలగానే మళ్లీ మొదలు. ఓనరు ‘పర్మిషన్ ఉంది’ అంటాడు. డెసిబెల్ రీడింగ్ లేనిదే కేసు నిలవదంటున్నారు. నిజమేనా?

జవాబు: పగటి గోలకైతే ఆ మాట చాలావరకు నిజం. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000లోని 7వ నిబంధన ప్రకారం, శబ్దం ఆ ప్రాంత పరిమితిని 10 డెసిబెల్స్ దాటితే ఫిర్యాదు చేయవచ్చు. కానీ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉన్న ఆంక్షలను ఉల్లంఘించినా చేయవచ్చని అదే నిబంధనలో ఉంది. మీరు పట్టుకోవాల్సింది దీన్నే.

రాత్రి లౌడ్‌స్పీకర్‌కు మినహాయింపు మూసి ఉన్న ఆవరణకే, అదీ లోపలివాళ్లకు వినిపించడానికే. నాలుగు పక్కలా తెరిచిన రేకుల షెడ్డు ఆ లెక్కలోకి రాదని గట్టిగా వాదించవచ్చు. ఏడాదికి 15 రోజులు అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది మతపరమైన, సాంస్కృతిక పండుగ సందర్భాలకే. ఇంటింటి పెళ్లిళ్లకు కాదు. ఒకవేళ హాలుకు గోడలు కట్టించినా ఓనరు పూర్తిగా బయటపడడు: నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, ప్రైవేటు సౌండ్ సిస్టమ్ శబ్దం ఆవరణ సరిహద్దు దగ్గర దానికి 5కు మించి ఎక్కువ ఉండకూడదు. అంటే 50. డీజేకు అది కలలో మాట.

మీటర్‌ను నమ్ముకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. పరిమితులు ‘ఎ’ వెయిటింగ్‌లో, అంటే మనిషి చెవికి తక్కువగా వినిపించే లోతైన శబ్దాలను తగ్గించి లెక్కించే పద్ధతిలో కొలుస్తారు. 63 హెర్ట్జ్ దగ్గర, అంటే డీజే బేస్ లాంటి లోతైన శబ్దం దగ్గర, అది దాదాపు 26 డెసిబెల్స్ తగ్గించి చూపుతుంది. మీ కిటికీ అద్దాలు అదిరే బేస్ కాగితం మీద మెత్తబడిపోతుంది.

ముందుగా సమాచార హక్కు కింద, 10 రూపాయల ఫీజుతో, ఓనరు చూపించే పర్మిషన్ కాపీ అడగండి. అందులో రాసిన సమయమే మీ సాక్ష్యం కావచ్చు. షెడ్డు తెరిచి ఉన్నట్టు, టైము కనబడేట్టు వీడియో తీయండి. తీసిన ఫోన్ అమ్మేయకండి, అసలు ఫైలు చెరపకండి. ఆ వీడియో కోర్టులో వాడాలంటే, ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. 100కి చేసిన ప్రతి ఫోన్ తేదీ, సమయం రాసిపెట్టుకోండి.

తర్వాత మీ పరిధి పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. కాపీ కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. నాన్నగారి వైద్య పత్రాలూ జతచేయండి. ఉల్లంఘన రుజువు కావడానికి అవి తప్పనిసరి కాదు గానీ, ఎంత తొందరో చెబుతాయి.

పబ్లిక్ న్యూసెన్స్ కేసు ఒక్కటే పెట్టించి ఊరుకోకండి. దానికి జరిమానా వెయ్యి రూపాయల వరకే, ఓనరు దాన్ని డీజే బిల్లులో కలిపేస్తాడు. పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 15 కింద 2024 ఏప్రిల్ నుంచి పెనాల్టీ 10 వేల నుంచి 15 లక్షల దాకా ఉంది, ఫిర్యాదులో దాన్నే ముందు రాయండి.

అయినా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ (అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్) వేయండి. రసీదు లేకుండా వెళితే ‘ముందు అధికారులను అడిగారా?’ అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. పోలీసులతో పాటు హాల్ ఓనరునూ ప్రతివాదిగా చేర్చండి. ఆయన్ను వదిలేస్తే, తన మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చారంటూ మళ్లీ కోర్టుకెక్కుతాడు.