ఒక్క మీటకే వచ్చే రొద: తీగ మార్చే ముందు చూడవలసినవి

మీ గ్రాండ్ పియానోలో ఒక్క మీట నొక్కినప్పుడు మాత్రమే తుమ్మెద చిక్కుకున్నట్టు రొద వస్తోందనీ, ఆ తీగ మార్పించాలా అనీ అడిగారు. ఇప్పుడే మార్పించకండి. నేను చూసినంతలో ఇటువంటి రొదకు తీగ కారణమైన సందర్భాలు తక్కువ, తీగతో ఏ సంబంధమూ లేని మరేదో వస్తువు కారణమైన సందర్భాలే ఎక్కువ. ఇది తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

నా పియానోలో మీటల వరుస నడుమనుండే మధ్య సి స్వరానికి కాస్త దిగువనున్న బి ఫ్లాట్ అనే స్వరం రొద పెట్టేది. మెల్లగా వాయిస్తే ఏమీ ఉండేది కాదు. కాస్త బలంగా నొక్కితే, స్వరం మొదలైన మరుక్షణంలో దాని వెనకాలే సన్నగా జుయ్యిమనే చప్పుడు బయలుదేరేది. శ్రుతి చేసే ఆయన వచ్చి, గంటన్నర పని చేసి, అదే మీటను పదిసార్లు నొక్కి చూపించి, రొద లేదని చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రమే అది తిరిగి వచ్చింది. రెండోసారి పిలిస్తే రెండోసారీ అంతే. మూడోసారి ఆయన టార్చి వేసి సౌండ్ బోర్డులో, అంటే తీగల కింద ఉండి వాటి శబ్దాన్ని పెంచే చెక్క పలకలో, వెంట్రుకంత చీలికను చూపించి, దోషం ఇక్కడుందనీ, బాగుచేయాలంటే తీగలన్నీ విప్పవలసి ఉంటుందనీ తేల్చేశారు. నేను నమ్మాను కూడా.

ఆ తరువాత ఒక రోజు వాయిస్తూ పేజీ తిప్పబోయి ఎడమ చేతిని మ్యూజిక్ స్టాండ్ మీద ఆనించాను. కుడి చేతి కింద బి ఫ్లాట్ మోగుతూనే ఉంది గానీ రొద టక్కున ఆగింది. చెయ్యి తీస్తే వచ్చింది, పెడితే పోయింది. స్టాండ్‌ను వెనక నుంచి నిలబెట్టే పుల్ల తాలూకు మడతబందులో చీల వదులై, ఆ స్వరానికి మాత్రమే అదిరిపోతోంది. తీగలను బిగించే ట్యూనింగ్ పిన్నులు చేతికి అందాలంటే ముందుగా ఆ స్టాండ్‌ను తీసి పక్కన పెట్టవలసిందే కనుక, శ్రుతి చేసే ఆయన వచ్చిన ప్రతిసారీ దొంగను బయటికి పంపించి ఇల్లంతా వెతికారన్నమాట! స్క్రూ బిగించి, పుల్ల ఆనే చోట ఫెల్టు అనే మందపాటి ఉన్ని గుడ్డ ముక్క చిన్నది అంటించాను.

ప్రతి వస్తువుకూ తనకంటూ ఒక సహజ కంపన వేగం ఉంటుంది. ఆ వేగానికి సరిపడే స్వరం గాలిలోనో చెక్కలోనో చేరగానే అది కూడా కంపించడం మొదలుపెడుతుంది. నా బి ఫ్లాట్ సెకనుకు దాదాపు 233 సార్లు కంపిస్తుంది, వదులైన ఆ చీలకు సరిగ్గా అదే నచ్చింది. అందుచేత ఒకే మీటకు రొద వస్తోంది కనుక తప్పు ఆ మీటదో, దాని తీగదో అనుకోకూడదు. కిటికీ అద్దం, ఫోటో చట్రం, పియానో మీది దీపం, అన్నీ అనుమానితులే. పియానో మూతను అలమరగా వాడుకునేవారి మీద నాకు మొదటినుంచీ గౌరవం లేదు. వారు పెట్టిన పెన్సిలో నాణెమో ఎప్పుడో ఒకప్పుడు తీగల మధ్య నుంచి జారి సౌండ్ బోర్డు మీద పడుతుంది, ఆపైన ఖర్చంతా తీగల పేరు మీద రాస్తారు.

మీరు చేయవలసినదల్లా ఇంకొకరిని తోడు పిలుచుకోవడం. వారు ఆ మీటను అదే బలంతో మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉంటే, మీరు మూతనూ, దాని మడతబందులనూ, మూతను నిలిపే కర్రనూ, మీటలను కప్పే పలకనూ, కింద పెడళ్ల చట్రాన్నీ అరచేత్తో ఒక్కొక్కటిగా అదిమి చూడండి. చెవిని నమ్మకండి, ఎందుకంటే ఈ రొద ఎటునుంచి వస్తోందో చెవి సరిగా చెప్పలేదు. చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు. మీట వదిలిన క్షణంలోనే రొద వస్తే అది చాలావరకు డాంపర్, అంటే మీట వదలగానే తీగ మీద ఆని దాన్ని ఆపే భాగం, దానికున్న ఫెల్టు గట్టిపడిన పని. ఇవన్నీ అయ్యాకనే తీగల దగ్గరికి వెళ్లండి: ఆ స్వరానికి రెండు మూడు తీగలుంటే రబ్బరు ముక్కతో ఒక్కొక్కదాన్నే ఆపి వినండి. మంద్రస్థాయి తీగలకు చుట్టిన రాగి తీగ వదులైతే అది కూడా రొద పెడుతుంది. ఆ మంద్ర తీగను ఊడదీసి, రాగి చుట్టు తిరిగిన దిశలోనే ఒక మెలిక వేసి మళ్లీ తగిలిస్తే చాలాసార్లు సరిపోతుంది. అయితే ఆ పని మీరు చేయకండి, ఆ తీగలు చాలా బిగుతుగా లాగి ఉంటాయి.

సౌండ్ బోర్డు చీలిక అని ఎవరైనా అంటే మాత్రం రుజువు అడగండి. చీలికలున్నా చక్కగా మోగే పాత పియానోలు ఎన్నో ఉన్నాయి. చీలిక అంచులు ఒకదానితో ఒకటి రాసుకుంటేనో, బోర్డు అడుగున అతికించిన కర్ర జిగురు వదిలితేనో రొద పుడుతుంది. అదే నిజమైతే కింద నుంచి ఆ చోటును బొటనవేలితో గట్టిగా నొక్కగానే రొద ఆగాలి. శ్రుతి చేసేవారు వచ్చినప్పుడు ఇంకొక పని చేయండి: వారు ఏ భాగమూ విప్పకముందే, స్టాండూ మూతా మీరు రోజూ వాయించేటప్పుడు ఉండే తీరులోనే ఉండగా, ఆ మీట నొక్కి వినిపించండి.