ఐసీయూలో చేరుతున్న హారికకు

చి. హారికకు,
పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) కోర్సుల జాబితా చూశాను. ఐడీసీసీఎం, ఎడిక్, ఎఫ్‌సీసీఎస్, ఎకో (గుండె అల్ట్రాసౌండ్) వర్క్‌షాప్, వెంటిలేటర్ వర్క్‌షాప్, రీసెర్చ్ మెథడాలజీ, చివర్లో ఇంగ్లండ్ ఫెలోషిప్ కూడా. ముందు ఏది చేయాలి పెద్దమ్మా అని అడిగావు. పిల్ల టెన్షన్ పడుతోందని మీ అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ కూడా చేసింది. ఇవన్నీ ఫోన్‌లో చెబితే సగం నీ డ్యూటీ హడావిడిలో కొట్టుకుపోతాయి, అందుకే ఉత్తరం.

ముందు డిగ్రీ సంగతి తేల్చుకో. ఎండీ అనస్థీషియా అయింది కాబట్టి నీకు రెండు దారులున్నాయి. సూపర్ స్పెషాలిటీ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి డీఎం క్రిటికల్ కేర్‌లోనో, దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీలోనో చేరడం ఒకటి. అది మూడేళ్లు. ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ వాళ్ల డిప్లొమా ఐడీసీసీఎం చేయడం రెండోది. అది ఏడాది, కావాలంటే ఆపైన వాళ్లదే ఫెలోషిప్ ఐఎఫ్‌సీసీఎం ఇంకో ఏడాది. ఆ సొసైటీ 1993లో పుట్టింది. డీఎం సీట్లు దొరకడమే గగనమైన రోజుల్లో ఇక్కడి ఐసీయూలను నిలబెట్టినవాళ్లలో చాలామంది ఆ డిప్లొమా చేసినవాళ్లే. చదువుగా దానికి వంక పెట్టను. కాకపోతే అది నేషనల్ మెడికల్ కమిషన్ గుర్తించే డిగ్రీ కాదు. రేపు మెడికల్ కాలేజీలో క్రిటికల్ కేర్ ఫ్యాకల్టీగా ఉండాలనిపిస్తే డీఎం, డీఆర్‌ఎన్‌బీలే అక్కరకొస్తాయి. నీకు పాఠం చెప్పడం ఇష్టమని నాకు తెలుసు కాబట్టి నీట్ ఎస్ఎస్ రాయమంటాను. ర్యాంకు రాకపోతే కోచింగ్ పేరుతో ఇంట్లో మాత్రం కూర్చోవద్దు. ఐడీసీసీఎంలో చేరి, పని చేస్తూనే మళ్లీ రాయి.

ఏ యూనిట్‌లో చేరాలన్నది ఏ కోర్సు చేయాలన్నదానికంటే పెద్ద ప్రశ్న. ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని బయట నుంచి చేసే యంత్రం) ఉందా, ఎన్ని పడకలున్నాయి అని అందరూ అడుగుతారు. నువ్వు ఒక పూట అక్కడి రౌండ్స్‌లో నిలబడి చూడు. కన్సల్టెంట్ వెంటిలేటర్ దగ్గర ఆగి తెర మీద ఆ తరంగం ఎందుకలా వస్తోందని జూనియర్‌ని అడుగుతున్నారా, లేక ఆర్డర్లు చెప్పేసి సాగిపోతున్నారా? రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు వస్తారు? పోయిన పేషెంట్ల గురించి చర్చించుకునే మోర్టాలిటీ మీటింగ్ జరుగుతుందా, జరిగితే అందులో సిస్టర్లు నోరు విప్పుతారా? ఈ మూడిటికీ మంచి జవాబు వస్తే పడకలు పన్నెండే ఉన్నా చేరిపో.

మిగతా కోర్సుల మీద పెద్దగా ఆలోచన అక్కర్లేదు. ఎఫ్‌సీసీఎస్ అంటే క్రిటికల్ కేర్ ప్రాథమిక పాఠాలు, రెండు రోజులది, చేరిన కొత్తలోనే చేసేయ్. అల్ట్రాసౌండ్ వర్క్‌షాప్‌కి మాత్రం మర్నాటి నుంచి ప్రోబ్ చేతికి దొరుకుతుందనుకుంటేనే వెళ్లు. లేకపోతే స్కూటర్ నేర్చుకుని షెడ్డులో పెట్టినట్టే. ఎడిక్ యూరోపియన్ ఐసీయూ డాక్టర్ల సొసైటీ వాళ్ల పరీక్ష. మొదటి భాగం మల్టిపుల్ చాయిస్, రెండో భాగంలో కేసులు, ఎక్స్‌రేలు, వేవ్‌ఫారాలు ముందు పెట్టి అడుగుతారు. ఐసీయూలో రెండేళ్లు నలిగాక దాని సంగతి చూడొచ్చు. ఇంగ్లండ్‌లో విదేశీ డాక్టర్లకి శిక్షణ ఇచ్చే ఎంటీఐ పథకం కింద రెండేళ్ల వరకు పనిచేసి రావచ్చు, అదీ అప్పుడే.

ఇక అసలు విషయం రీసెర్చ్. జాబితాలో దాన్ని అడుగున, సీవీకి పనికొస్తుంది కదా అన్నట్టు పెట్టావు. నేనైతే దాన్నే పైకి తెస్తాను. ఐసీయూలో మనం రోజూ చేసే పనుల్లో ఎన్నింటికి గట్టి ఆధారం ఉందో, ఎన్ని అలవాటు కొద్దీ సాగుతున్నాయో విడదీసి చూడటం రాకపోతే ఎన్ని సర్టిఫికెట్లున్నా ఇంకొకరి ప్రోటోకాల్ నడిపే మనిషిగానే మిగులుతావు.

సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) కథే తీసుకో. 2001లో డెట్రాయిట్‌లోని ఒకే ఒక్క ఆస్పత్రిలో 263 మంది మీద ఒక ట్రయల్ చేశారు. మొదటి ఆరు గంటల్లో పెద్ద సిరలోకి గొట్టం (సెంట్రల్ లైన్) వేసి, సిరల రక్తంలో ఆక్సిజన్ శాతం చూసుకుంటూ ఫ్లూయిడ్లు, మందులు, అవసరమైతే రక్తం ఇస్తే మరణాలు 46.5 శాతం నుంచి 30.5కి తగ్గాయన్నారు. ప్రపంచమంతా దాని వెంట నడిచింది, గైడ్‌లైన్లలోకీ ఎక్కింది. తర్వాత 2014, 2015లలో అమెరికాలో, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్‌లో, బ్రిటన్‌లో మూడు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. మామూలు వైద్యానికీ దీనికీ తేడా కనిపించలేదు. మొదటిది అబద్ధమని కాదు. ఈలోగా మామూలు వైద్యమే మారిపోయింది, సెప్సిస్‌ని ముందే పసిగట్టి యాంటీబయాటిక్, ఫ్లూయిడ్లు త్వరగా ఇవ్వడం అందరికీ అలవాటైంది. ఈ నాలుగు పేపర్లనీ వరుసగా ఒక ఆదివారం కూర్చుని చదువు. కంట్రోల్ గ్రూపులో, అంటే పోల్చడానికి మామూలు వైద్యం ఇచ్చిన గుంపులో ఉన్నవాళ్లకి అసలు ఏం వైద్యం జరిగిందన్న టేబుల్‌ని వదలకుండా చూడు.

ఆ ట్రయల్స్‌లోని రోగులు మన రోగులు కారన్నది ఇంకో సంగతి. వానలు మొదలయ్యాక చెన్నై ఐసీయూకి వచ్చే షాక్ (రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవడం) కేసుల్లో డెంగీ ఉంటుంది, లెప్టో (ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరం) ఉంటుంది, చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంటుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద స్క్రబ్ టైఫస్ ఆనవాలైన నల్లటి పక్కు కోసం వెతకడం మనకి ఏ యూరోపియన్ పుస్తకమూ నేర్పలేదు. ఆ జబ్బుకి ఏ మందు మేలో తేల్చింది కూడా మన పక్కనున్న వెల్లూరు సీఎంసీ వాళ్ల నాయకత్వంలో సాగిన ఇంట్రెస్ట్ ట్రయలే. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్ ఉన్న 794 మందిలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 33 శాతం మందికి చెడు ఫలితం. ఒక్క డాక్సీ ఇస్తే 47, ఒక్క అజిత్రో ఇస్తే 48. ఇక్కడ కూడా కళ్లు తెరుచుకుని చదవాలి. ఆ చెడు ఫలితమంటే మరణం, ఏడో రోజుకీ తగ్గని కాంప్లికేషన్లు, ఐదో రోజుకీ దిగని జ్వరం, మూడూ కలిపిన లెక్క. విడిగా మరణాల్లో తేడా రాలేదు. అయినా నేను రెండూ కలిపే ఇస్తాను, ఎందుకో నువ్వే చదివి చెప్పు. ఆ ట్రయల్‌కి డబ్బు, వైద్య పరిశోధనకి నిధులిచ్చే ఇండియా అలయన్స్ నుంచి వచ్చింది. వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, డాక్టర్లకి ఫెలోషిప్‌లు ఇస్తారు. అది నీకు ఇప్పుడే కాదు కానీ పేరు గుర్తుపెట్టుకో.

నువ్వు మొదలుపెట్టాల్సింది అంత పెద్దది కాదు. నీ ఐసీయూలో రాత్రిపూట వెంటిలేటర్ ట్యూబ్ తామే లాగేసుకునే పేషెంట్ల సంగతి ఎవరైనా లెక్క రాస్తున్నారా? ఈ నెల ఐదుగురు అంటే ఏమీ తెలియదు. వెంటిలేటర్ మీద మొత్తం ఎన్ని రోజులు గడిచాయో హారంగా కింద లేకపోతే ఐదు ఎక్కువా తక్కువా? ఏ షిఫ్టులో, మత్తు మందు ఎంత నడుస్తుండగా, చేతులు కట్టి ఉన్నాయా లేవా, ఒక సిస్టర్‌కి ఎందరు పేషెంట్లు, 48 గంటల్లో మళ్లీ ట్యూబ్ వేయాల్సి వచ్చిందా? ఇంతే. ఒక పేజీ ఫారం చాలు. దాన్ని సిస్టర్లతో కూర్చుని తయారుచేయి, నింపేది వాళ్లే కదా. పేపర్ రాసేటప్పుడు నిజంగా పనిచేసిన సిస్టర్ పేరు రచయితల్లో ఉండాలి, అడుగున థాంక్స్‌లో కాదు.

ఇంత చిన్న ఆడిట్‌కైనా పరిశోధనలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి కాగితం పెట్టు. మినహాయింపు ఉందో లేదో చెప్పాల్సింది వాళ్లు, మనం కాదు. ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ నుంచి, పేషెంట్లని చేర్చుకున్నాక నమోదు చేస్తామంటే ఒప్పుకోవడం లేదు. స్టాటిస్టిషియన్‌ని డేటా అంతా పోగేశాక కాదు, ఫారం అచ్చు వేయకముందే కలువు.

మన దగ్గర ప్రత్యేకంగా ఒక చిక్కుంది. డబ్బులు అయిపోయి, ఇక లాభం లేదని చెప్పాక, లామా (డాక్టర్ వద్దన్నా తీసుకెళ్తున్నామనే కాగితం) మీద సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లే కుటుంబాలు. సూళ్లూరుపేట, గూడూరు, కాళహస్తి వైపు నుంచి వచ్చినవాళ్లలో నువ్వే చూస్తావు. వాళ్లని డేటాలోంచి తీసేస్తే నీ యూనిట్ మరణాల శాతం అద్భుతంగా కనిపిస్తుంది. అలా అందంగా కనిపించే పేపర్లు నేను చాలా చూశాను, ఒక్కటీ నమ్మను. ముప్ఫయ్యో రోజున ఆ ఇంటికి ఫోన్ చేయి. తెలుగులో మాట్లాడేవాళ్లు ఫోన్ చేస్తే వాళ్లు పెట్టేయరు, తిట్టరు కూడా. ఎక్కువసార్లు ఇంకో పావుగంట మాట్లాడతారు.

కన్సెంట్ (సమ్మతి) ఫారాలు ఇక్కడ తమిళం, ఇంగ్లిష్‌లలో సిద్ధంగా ఉంటాయి. తెలుగువాళ్లతో ఇంగ్లిష్ దాని మీదే సంతకం పెట్టించే అలవాటుంది, నువ్వు అలా చేయకు. తెలుగులో రాయించి, ఎథిక్స్ కమిటీతో ఆమోదం వేయించుకుని, బయట కుర్చీల్లో కూర్చున్న ఒక బంధువుకి చదివి వినిపించు. ఆయనకి ఏం అర్థమైందో ఆయన నోటితోనే చెప్పించుకో. పేషెంట్ తెలివిలోకి వచ్చాక అతన్ని మళ్లీ అడగాలి, అది చాలామంది మర్చిపోతారు.

ఇవన్నీ పద్ధతిగా నేర్చుకోవడానికి చెన్నైలోనే చోటుంది. అయపాక్కంలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ వాళ్లు ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో బయోమెడికల్ రీసెర్చ్ మీద బేసిక్ కోర్సు నడుపుతారు. పాఠాలు ఉచితం, పరీక్షకే ఫీజు. పీజీలో ఉండగా మొక్కుబడిగా పాసై ఉంటావు. ఈసారి నీ ట్యూబ్‌ల ప్రశ్న పక్కన పెట్టుకుని వీడియోలు మళ్లీ చూడు, అదే పాఠం వేరేగా వినిపిస్తుంది.

ఒంటరిగా చేయలేనిది కలిసి చేయొచ్చు. 2010, 2011లలో నాలుగంటే నాలుగు రోజులు ఎంచుకుని, ఆ రోజు ఐసీయూలో ఉన్న ప్రతి పేషెంట్ వివరం రాసి, 120 ఐసీయూల నుంచి 4038 మంది పెద్దవాళ్ల డేటాతో ఇండిక్యాప్స్ అధ్యయనం చేశారు. మన ఐసీయూల్లో ఎవరుంటున్నారు, ఏం జరుగుతోందన్నది అలా తెలిసింది. ఐసీయూ పేషెంట్ల వివరాలు చేర్చే, 2019లో మొదలైన ఐరిస్ రిజిస్ట్రీలో చెన్నై డాక్టర్ల చొరవ ఉంది. నీ యూనిట్ అందులో లేకపోతే ఎందుకు లేదని అడుగు. క్రిటికల్ కేర్ సొసైటీ చెన్నై బ్రాంచి మీటింగులకి వెళ్తుంటే ఆ మనుషులు అక్కడే తగులుతారు. భోజనం టైముకి మాత్రమే వచ్చేవాళ్లు కూడా ఉంటారనుకో.

"రెస్పెక్టెడ్ ప్రొఫెసర్" అంటూ పొద్దున్నే మెయిల్ పెట్టి, వారంలో అచ్చు వేస్తాం డబ్బు కట్టమనే జర్నళ్ల జోలికి పోకు. మన సొసైటీదే ఇండియన్ జర్నల్ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ ఉంది, ముందు దాని పాత సంచికలు తిరగేయి.

పై ఆదివారం నీకు ఆఫ్ ఉంటే టి.నగర్ రా. ట్యూబ్‌ల ఫారం ఒక పేజీ కొట్టి తీసుకురా, ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది. నీట్ ఎస్ఎస్ దరఖాస్తు తేదీ దాటనివ్వకు. మీ అమ్మకి ఒకసారి ఫోన్ చేయి, నన్ను చంపుతోంది.

పెద్దమ్మ