కొలతలు తర్వాత రాద్దువుగాని

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కాలిఫోర్నియా సెకోయా నేషనల్ పార్క్ యాత్రావ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ చేతిలో పెట్టుకుని. ఫ్రీమాంట్‌లో చీకటితోనే బయల్దేరడం, పులిహోర డబ్బా, ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లాడి వాంతులు, ఇవన్నీ హాయిగా సాగాయి. జనరల్ షెర్మన్ చెట్టు దగ్గరికి వచ్చేసరికి నీ కలం బిగుసుకుపోయింది. ‘ఆ మహావృక్షాన్ని వర్ణించడానికి మాటలు చాలవు’ అని రాసి, కింద అంకెలు పేర్చేశావు.

ముందు ఒక తప్పు దిద్దుకో. అది ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టు కాదు. దాని ఎత్తు సుమారు 84 మీటర్లు. అదే కాలిఫోర్నియాలో సముద్రం వైపు పెరిగే రెడ్‌వుడ్లు 115 మీటర్లు దాటినవి ఉన్నాయి. షెర్మన్ గొప్పతనం మానులో ఉంది. మొదలు దగ్గర అడ్డంగా 11 మీటర్లు, మొత్తం కలప దాదాపు 1,487 ఘనపు మీటర్లు. ఒకే కాండంతో నిలబడ్డ చెట్లలో ఇంత కలప ఉన్నది ఇంకోటి లేదు. ఈ ఒక్కటి తప్పు రాస్తే, అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు మిగతా వ్యాసాన్ని కూడా అనుమానంగానే చదువుతారు.

ఇక అసలు సంగతి. నిజం చెప్పమ్మా, ఆ చెట్టు కనబడగానే నీకేమనిపించింది?

చాలా ఏళ్ల కిందట మా అమ్మాయి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. నాకు మొదట ‘ఇంతేనా?’ అనిపించింది. చుట్టూ ఉన్నవన్నీ అదే సెకోయా జాతి చెట్లే, అన్నీ పెద్దవే. పోల్చుకోవడానికి కంటికి ఆధారం దొరకలేదు. సిగ్గేసింది, ఇంత దూరం వచ్చి ఇదేం బుద్ధి అని. ఇంటికొచ్చి నేనూ నీలాగే ‘మహాద్భుతం’ అని రాశాను. ఆ వ్యాసం అచ్చయింది. ఈరోజుకీ దాన్ని తిరిగి చదవాలంటే మనసు రాదు, ఎందుకంటే అందులో ఉన్నది నేను చూసిన చెట్టు కాదు. నేను చూసింది వేరే. కంచె దగ్గరికి ఎర్ర స్వెటర్ వేసుకున్న ఒక పిల్ల వచ్చి నిలబడింది. అప్పుడు ఒక్కసారిగా ఆ మాను వెనక్కి జరిగి, పెరిగి, గోడలా అయిపోయింది. నా గుండె ఝల్లుమంది. ఆ ‘ఇంతేనా’ రాసి ఉంటే ఈ ఝల్లు కూడా పాఠకుడికి అందేది. మొదటిది దాచేసరికి రెండోది కూడా పోయింది.

కంచె ఉంది కాబట్టి షెర్మన్‌ని ముట్టుకోలేం. జనం తొక్కితే మట్టి గట్టిపడి, పైపైనే పాకే వేళ్లకు దెబ్బ. కానీ ఆ అడవిలో దారి పక్కన వేరే సెకోయాలున్నాయి. ఒకదాని బెరడు మీద చెయ్యి వేశాను. గట్టిగా ఉంటుందనుకున్నాను, కొబ్బరి పీచులా మెత్తగా ఉంది. వేలి కణుపులతో కొడితే చప్పుడే రాలేదు. ఈ బెరడు 2 అడుగుల మందం దాకా ఉంటుందట, మంటల నుంచి చెట్టుని కాపాడేది అదే. కింద కోడిగుడ్డంత కాయ ఒకటి పడి ఉంది. దులిపితే అటుకుల్లాంటి పల్చటి గింజలు రాలాయి, అటుకు కన్నా చిన్నవి. ఆ కాయలు ఏళ్ల తరబడి పచ్చిగా, మూసుకునే కొమ్మకు వేలాడతాయి. కింద మంట లేస్తే ఆ వేడికి ఎండి విచ్చుకుంటాయి. బూడిద పడ్డ నేల మీద, ఎండ తగిలే చోట మొలక లేస్తుంది. ఈ సంగతి సరిగ్గా తెలియక చాలా దశాబ్దాలు ప్రతి మంటనీ ఆర్పేశారు, కొత్త మొక్కలు రావడం తగ్గిపోయింది. 1960ల నుంచి పార్కువాళ్లే చిన్న మంటలు పెట్టడం మొదలుపెట్టారు. 2021లో మాత్రం పెద్ద కార్చిచ్చు వస్తుంటే షెర్మన్ మొదలుకి మందపాటి అల్యూమినియం రేకు చుట్టి కాపాడుకున్నారు. 2020, 2021 మంటల్లో వేల పెద్ద సెకోయాలు చచ్చిపోయాయి. మంట కావాలి, మంటే చంపుతోంది కూడా. నువ్వు దీన్ని ‘కార్చిచ్చుల ముప్పు ఉంది’ అని మూడు ముక్కల్లో తేల్చేశావు. ఇక్కడ ఆగాలమ్మా, కనీసం ఒక పేజీ.

పేరు సంగతి కూడా నువ్వు వదిలేశావు. షెర్మన్ అమెరికా అంతర్యుద్ధంలో సేనాని. 1880ల చివర్లో ఆ దరిదాపుల్లో సహకార పద్ధతిలో బతకాలని వచ్చిన కవేయా కాలనీవాళ్లు ఇదే చెట్టుని కార్ల్ మార్క్స్ చెట్టు అన్నారు. 1890లో పార్కు ఏర్పడింది, వాళ్ల కల చెదిరింది, ఆ పేరూ పోయింది. మన తెలుగు పాఠకుడు ఈ మాట దగ్గర తప్పకుండా ఆగుతాడు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన వాక్యం చెప్పనా? ‘తిరిగి ఎక్కేటప్పుడు అమ్మ బల్ల మీద కూలబడింది.’ అంతే రాసి ముందుకెళ్లిపోయావు. పార్కింగ్ నుంచి చెట్టు దాకా అరమైలు దిగుడే, హుషారుగా దిగిపోతాం. వచ్చేటప్పుడు 7,000 అడుగుల ఎత్తున గాలి చాలక, మెట్లెక్కలేక ఆయాసం. అక్కడ మీ అమ్మగారు ఎంతసేపు కూర్చున్నారు? ఎటు చూస్తూ కూర్చున్నారు? ఏమైనా అన్నారా? ఆ సమయంలో నువ్వు ఫొటోలు తీస్తున్నావని నీ వ్యాసమే చెబుతోంది.

ఈ ఆదివారం ఆవిడకి ఫోన్ చేసి అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, నాకు మళ్లీ పంపు.

ఇట్లు,
మీ మాస్టారు