నాలుగేళ్ల ఫీజు ఇప్పుడే కట్టేస్తే మూడో ఏడాది మాటేంటి?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 58 వేలు వస్తుంది. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. అద్దె, ఇంటి ఖర్చు, బాబు స్కూలు ఫీజు, బండి వాయిదా కలిపి 44,500 పోతుంది. బ్యాంకులో 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, బాబు ఎనిమిదో తరగతి. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడుకున్నాం. ఫీజు ఏడాదికి 1.75 లక్షలు, హాస్టల్ 90 వేలు. అక్కడే కన్వీనర్ సీటుకైతే, అంటే ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చే సీటుకైతే, ఫీజు 70 వేలు. నాలుగేళ్ల ఫీజు 7 లక్షలూ ఇప్పుడే కడితే 60 వేలు తగ్గిస్తామంటున్నారు. ఎఫ్‌డీ తీసేసి, తక్కువైన 1.4 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెద్దామా, ఇంట్లో బంగారం పెడదామా?

జవాబు: రెండూ వద్దు. ఎఫ్‌డీ మొత్తం తీసేయడం అంతకన్నా వద్దు. మీలాంటి ఉత్తరాలు ప్రతి వేసవిలోనూ వస్తాయి. అందరూ అప్పు ఎక్కడ తేవాలనే అడుగుతారు గానీ, అప్పు తెచ్చాక ఇంట్లో ఏం మిగులుతుందని ఒక్కరూ అడగరు. మీ లెక్కలో మిగిలేది సున్నా. పాప కాలేజీలో చేరిన రోజున మీ ఖాతాలో ఒక్క నెల ఖర్చుకు కూడా డబ్బుండదు.

ముందు ఆ 60 వేల తగ్గింపు సంగతి చూద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 1.4 లక్షలకు నెలకు 2,800, ఏడాదికి 33,600. రెండేళ్లు తిరిగేసరికి 67,200 కట్టి ఉంటారు. తగ్గించిన 60 వేలు అక్కడే కరిగిపోయాయి, అసలు మాత్రం అలాగే ఉంది. ఎఫ్‌డీ మీద పోగొట్టుకున్న వడ్డీ దీనికి అదనం. పైగా మీకు నెలకు మిగిలేది 13,500. అందులో హాస్టల్‌కు 7,500, బయటి వడ్డీకి 2,800 పోతే చేతిలో ఉండేది 3,200. దానితో అసలు ఎప్పటికి తీరుతుంది? ఈ అప్పులకు రాయించుకునే ప్రామిసరీ నోట్లలో అంకె వేయకుండా సంతకం చేసేవాళ్లు, ఖాళీ చెక్కులు చేతిలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లల చదువు పేరు చెప్పి ఆ పని చేయకండి.

బ్యాంకులో బంగారం పెట్టడం దీనికన్నా నయమే. కానీ ఈ రుణాలు చాలావరకు ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ ఒకేసారి కట్టాల్సినవి. కట్టలేక తిరగరాయించుకుంటూ పోతే చివరికి వేలం నోటీసు వస్తుంది. నిజంగా ఇంటికి ఆపద వచ్చిన రోజున గంటలో డబ్బు పుట్టించగలిగేది మీ దగ్గర ఆ బంగారం ఒక్కటే. దాన్ని ఫీజుకు వాడేయకండి.

ఇంకొక మాట. ఒక ఏడాది లేదా ఒక సెమిస్టర్ ఫీజుకు మించి విద్యాసంస్థలు ముందుగా వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2003లోనే ఇస్లామిక్ అకాడమీ కేసులో చెప్పింది. నాలుగేళ్ల డబ్బూ ఇచ్చేశాక పాపకు ఆ బ్రాంచి పడకపోయినా, కౌన్సెలింగ్‌లో ఇంకోచోట మంచి సీటు వచ్చినా, ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో ఆలోచించండి. ఏడాదికి ఏడాదే కడతామని చెప్పండి. ఒప్పుకోకపోతే ఆ కాలేజీ సంగతి మీకు ముందే తెలిసినట్టు.

ఇక నేను ఎవరికైనా మొదట చెప్పేది అత్యవసర నిధి. మీకు అది ఎంతుండాలి? 44,500ను ఆరుతో గుణించండి, 2,67,000. ఒక్కరి జీతం మీద నడిచే ఇంట్లో, అదీ ప్రైవేటు ఉద్యోగంలో, ఆరు నెలలకు తగ్గితే అది నిధి కాదు. ఉన్న 5 లక్షల్లో ముందు ఈ 2.67 లక్షలు పక్కకు తీయండి. పాప సీటు గురించిన మాట ఆ తర్వాతే.

దాన్ని ఒకే ఎఫ్‌డీలో ఉంచకండి. 45 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. మిగతా 2.22 లక్షలను ఒక్కొక్కటి 44 వేల చొప్పున ఐదు ఎఫ్‌డీలు చేయండి. ఆసుపత్రిలో 40 వేలు కావాల్సి వస్తే ఒకటి తీస్తారు, మిగతా నాలుగింటి వడ్డీ చెడదు. అన్నీ మీ ఆవిడతో కలిపి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా, లేదా బతికున్నవారు) పద్ధతిలో చేయించండి. ఇద్దరిలో ఒకరు లేకపోతే రెండోవారు గడువుకు ముందే తీసుకోవచ్చని ఆ దరఖాస్తులోనే రాయించండి. ఇది రాయించకపోతే, అవసరమైన రోజున డబ్బు బ్యాంకులో ఉండి కూడా ఇంటివాళ్లు కాగితాల కోసం తిరగాలి.

నిధిని ఎప్పుడు ముట్టుకోవాలి? ఉద్యోగం పోయినప్పుడు, ఆసుపత్రి ఖర్చు బీమాను దాటినప్పుడు, జీతం నెలల తరబడి ఆగినప్పుడు. ఫీజుకు మాత్రం కాదు. ఫీజు ఏ నెలలో, ఎంత కట్టాలో ఏడాది ముందే తెలుసు. తెలిసిన ఖర్చు అత్యవసరం ఎలా అవుతుంది? లాప్‌టాప్ కూడా అంతే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చదువు ఆగే ఇళ్లలో అది మొదటి ఏడాది ఆగదు. అప్పుడు అందరి దృష్టీ దానిమీదే ఉంటుంది, ఎలాగో తెస్తారు. రెండో ఏడాదో మూడో ఏడాదో ఇంట్లో ఒక ఆపరేషన్ వస్తుంది, లేదా జీతం ఆగుతుంది. నిధి లేదు కాబట్టి ఫీజుకు దాచింది దానికి పోతుంది. ఫీజు బకాయి పడుతుంది, దానికోసం మళ్లీ బయటి అప్పు. మీ ఇంట్లో అయితే పాప మూడో ఏడాదికి వచ్చేసరికి బాబు ఇంటర్‌లో చేరతాడు. ఒకే జూన్‌లో రెండు ఫీజులు. ఆ నెల గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు.

ఇప్పుడు సీటు. నిధి తీశాక మిగిలేది 2.33 లక్షలు, దానికి తోడు ఏడాదికి మీరు మిగిల్చే 1.62 లక్షలు. కన్వీనర్ సీటు వస్తే ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 1.6 లక్షలు, అంటే మీ పొదుపుతోనే నడిచిపోతుంది. 2.33 లక్షలు ముందుగా కట్టాల్సిన వాయిదాలకూ, తర్వాత బాబుకూ అక్కరకొస్తాయి. మేనేజ్‌మెంట్ సీటయితే ఏడాదికి 2.65 లక్షలు, 1.03 లక్షలు తక్కువ. 2.33 లక్షలు రెండేళ్లకు పైగా సరిపెడతాయి, చివర్లో సుమారు 1.8 లక్షలు చాలవు. ఆ తక్కువ పడేది సరిగ్గా బాబు ఇంటర్ రోజుల్లోనే. రెండు సీట్లకూ నాలుగేళ్ల తేడా 4.2 లక్షలు. ఈ అంకె పాపకు తెలుసా? చాలా ఇళ్లలో పిల్లలకు చెప్పరు, చెబితే చదువు మీద మనసు ఉండదని భయం. పదిహేడేళ్ల పిల్ల ఈ లెక్క అర్థం చేసుకోగలదు. కాగితం ముందు పెట్టి, ఈఏపీసెట్‌లో ఎంత ర్యాంకు వస్తే ఈ 4.2 లక్షలు మిగులుతాయో పోయిన ఏడాది కాలేజీల వారీ చివరి ర్యాంకులు తననే వెతకమనండి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలుగైదు పెద్ద కాలేజీలతో ఆపేయకుండా, ఇంటి నుంచి వెళ్లిరాగలిగే కాలేజీలను కూడా వరుసలో పెట్టమనండి. హాస్టల్ తప్పితే నాలుగేళ్లకు 3.6 లక్షల భారం దిగుతుంది, బస్సు ఖర్చు మాత్రమే ఉంటుంది.

ఇంజినీరింగే కావాలని పాపకు గట్టిగా లేకపోతే ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ మంచి దారే. బాబుకు పది తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించి మూడేళ్ల డిప్లొమా చేయిస్తే, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. దీన్ని ఇప్పటి నుంచే వాడితో మాట్లాడుతూ ఉండండి.

అప్పు తప్పదనుకుంటే అది బ్యాంకు విద్యారుణమే కావాలి, అదీ తక్కువ పడిన మేరకే. సాధారణంగా 4 లక్షల వరకు మీ వాటా అడగరు, 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. మేనేజ్‌మెంట్ సీటుకు కొన్ని బ్యాంకులు వేరే షరతులు పెడతాయి కాబట్టి కాలేజీకి అడ్వాన్సు ఇవ్వకముందే బ్రాంచిలో కనుక్కోండి. అందరూ పొరపాటు చేసేది ఈ వడ్డీ దగ్గరే. వాయిదాలు లేవంటే వడ్డీ లేదని కాదు. ఉదాహరణకు ఏడాదికి 1.5 లక్షల చొప్పున 6 లక్షలు 10 శాతానికి తీసుకుని ఐదేళ్లు ఏమీ కట్టకపోతే, బారు వడ్డీ లెక్కనే 2.1 లక్షలు చేరి అప్పు 8.1 లక్షలవుతుంది. పదేళ్ల వాయిదా నెలకు 10,700. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేస్తే అదే వాయిదా 7,930 దగ్గర ఆగుతుంది. మీకు కావాల్సింది 1.8 లక్షలే, వడ్డీ నెలకు 1,500 దాటదు. అది పాప మీద వేయకుండా మీరే కట్టండి.

ఉద్యోగంతో పాటు వచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, ఇంటికి సొంత పాలసీ తీసుకోండి. మీ పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి సొమ్ము వచ్చే జీవిత బీమా, ఈ నెలలోనే. ఈ రెండింటి ప్రీమియం నెలనెలా పక్కన పెడితే మీ మిగులు కొంత తగ్గుతుంది, బండి వాయిదాలు అయిపోగానే ఆ సొమ్ము దీనికి మళ్లించండి.

ఈ వారం చేయాల్సింది ఇది: కాలేజీకి ఏడాది ఫీజే కడతామని చెప్పండి, ఎఫ్‌డీని పైన చెప్పినట్టు ముక్కలు చేయండి. మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్సు మాత్రం ఈఏపీసెట్ ర్యాంకు వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.