70లో 34 వస్తే గెలిచినట్టేనా?

పోయిన సంచికలో ఇంగ్లండులో చదువుకుంటున్న మన పిల్లల గురించి రాస్తూ, మాటల్లో మాటగా "2024 మేలో బ్రిస్టల్ సిటీ కౌన్సిల్‌ని గ్రీన్ పార్టీ గెలుచుకుంది" అని ఒక్క వాక్యం పడేశాను. (బ్రిస్టల్ అక్కడి ఒక నగరం, సిటీ కౌన్సిల్ అంటే మన మున్సిపల్ కార్పొరేషన్ లాంటిది.) ఆ వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన ఏ వ్యాసానికీ రాలేదు. అందుకని ఈసారి చోటంతా వాటికే.

ప్రశ్న: గ్రీన్ పార్టీ గెలుచుకుంది అని రాశారు. నేను లెక్క చూశాను. మొత్తం 70 సీట్లు, వాళ్లకి వచ్చినవి 34. సగం కూడా లేదు. దీన్ని గెలవడం అని ఏ లెక్కన అన్నారు?
– బ్యాంకులో పనిచేసి రిటైరైన పాఠకుడు, యలహంక

జవాబు: దొరికిపోయానండీ. బ్యాంకు వాళ్లు లెక్క వదలరని తెలిసి కూడా రాశాను చూడండి. గ్రీన్స్ 34, లేబర్ 21, లిబరల్ డెమోక్రాట్లు 8, కన్సర్వేటివ్‌లు 7. మెజారిటీకి 36 కావాలి, రెండు తక్కువ. నేను "అతి పెద్ద పార్టీ అయింది" అని రాయాల్సింది. అయితే అందరూ గెలుపు అని ఎందుకన్నారంటే, అంతకు ముందు 2021లో గ్రీన్స్‌కీ లేబర్‌కీ చెరో 24 వచ్చాయి, మూడేళ్లలో ఒకరు పది సీట్లు ఎక్కారు, ఇంకొకరు మూడు దిగారు, కన్సర్వేటివ్‌లు 14 నుంచి సరిగ్గా సగానికి పడిపోయారు. అది చూసి పత్రికల వాళ్లకి చెయ్యి ఆగలేదు, నాకూ ఆగలేదు.

కానీ మీ ప్రశ్నలో అసలు సంగతి వేరే ఉంది: సగం లేకుండా ఊరు ఎవరు ఏలుతున్నారు? బ్రిస్టల్లో 2012 నుంచి జనం నేరుగా ఎన్నుకునే మేయరు ఉండేవాడు. కొందరికి అది నచ్చింది, ఎక్కువమందికి "అధికారమంతా ఒక్కడి చేతిలో ఏమిటి" అనిపించింది. 2022 మేలో రెఫరెండం పెడితే ఓటేసిన వాళ్లలో వందకి 59 మంది ఆ పదవే వద్దన్నారు. 2024 ఎన్నికలతో మేయరు పదవి పోయి కమిటీల పద్ధతి వచ్చింది. రోడ్లకో కమిటీ, ఇళ్లకో కమిటీ, అలాగన్నమాట. కౌన్సిల్లో ఏ పార్టీకి ఎంత బలముందో కమిటీలోనూ అంతే వాటా, అక్కడే ఓటు, అక్కడే నిర్ణయం. గ్రీన్ పార్టీ టోనీ డయర్ కౌన్సిల్ నాయకుడయ్యాడు, కానీ పాత మేయరులా తను ఒక్కడే సంతకం పెట్టి పని నడిపించే వీలు లేదు, ప్రతిదానికీ పక్క పార్టీ వాళ్లలో ఎవరో ఒకరు చెయ్యెత్తాలి.

మన ఊరి లెక్క గుర్తుందా? 2015 ఆగస్టులో బీబీఎంపీ, అంటే మన బెంగళూరు కార్పొరేషన్ ఎన్నికలు, 198 వార్డులు, బీజేపీకి 100, కాంగ్రెస్‌కి 76, జేడీఎస్‌కి 14. సగం 99 కాబట్టి ఒకటి ఎక్కువే. మా వీధి చివర ఆ సాయంత్రమే ఒక పార్టీ ఫ్లెక్సీ కట్టారు, టపాసులు కాల్చారు, మూడు వారాలు తిరక్కుండా దాని పక్కనే ఇంకో పార్టీ ఫ్లెక్సీ లేచింది, మేయరు కాంగ్రెస్ మనిషి. ఎలాగంటే ఇక్కడ మేయరు ఎన్నికలో కార్పొరేటర్లతో పాటు ఎంపీలూ ఎమ్మెల్యేలూ ఎమ్మెల్సీలూ కూడా ఓటేస్తారు, జేడీఎస్ వచ్చి కాంగ్రెస్‌తో కలిసింది. ఇంగ్లండులో ఎంపీకి సిటీ కౌన్సిల్లో ఓటు ఉండదు. అంటే అక్కడ సగం రాని వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, ఇక్కడ సగం దాటిన వాళ్లు ఎదురు బెంచీల్లో కూర్చున్నారు. మీరు ఇక్కడే ఉండి ఇదంతా చూసినవారు, నన్ను ఒక్కడినే పట్టుకున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి బ్రిస్టల్లో ఎమ్మెస్సీ చదువుతున్నాడండీ. ఓటరుగా పేరు రాయించుకోమని వాళ్ల ఇంటికి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చిందట. మనది ఇండియన్ పాస్‌పోర్టు కదా, పేరు రాయించుకుంటే వీసాకి ఏమన్నా అవుతుందేమోనని నాకు టెన్షన్. వాడేమో నవ్వుతున్నాడు.
– మారతహళ్లి నుంచి ఒక అమ్మ

జవాబు: నవ్వనివ్వండమ్మా, ఈసారి వాడిదే రైటు. మన దేశం కామన్‌వెల్త్‌లో ఉంది కాబట్టి, సరైన వీసా మీద అక్కడ నివాసం ఉంటున్న భారతీయుడికి 18 ఏళ్లు నిండితే ఓటు ఉంది. కౌన్సిల్‌కే కాదు, పార్లమెంటుకి కూడా! వాడి రూములో జర్మనీ కుర్రాడెవరైనా ఉంటే అతనికి పార్లమెంటు ఓటు లేదు, మీవాడికి ఉంది. ఓటేసినంత మాత్రాన పౌరసత్వం మారదు, వీసా మీద మచ్చ పడదు. అసలు ఆ ఉత్తరానికి జవాబివ్వకపోతేనే తప్పు, ఇవ్వాలని అక్కడ చట్టం. ఇంకో లాభం ఉంది, ఇది మీ అబ్బాయికి చదివి వినిపించండి: ఓటర్ల జాబితాలో పేరుంటే అక్కడి క్రెడిట్ స్కోరుకి మంచిది, ఫోన్ కాంట్రాక్టు తీసుకునేటప్పుడు "నువ్వెవరు, ఎక్కడుంటావు" అనే గొడవ తగ్గుతుంది.

ఓటు వేయడానికి వెళ్లే రోజున పాస్‌పోర్టు పట్టుకెళ్లమనండి. 2023 నుంచి ఇంగ్లండులో బూత్‌కి వెళ్లి ఓటేయాలంటే ఫొటో గుర్తింపు తప్పనిసరి. ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది, యూనివర్సిటీ ఐడీ కార్డు చెల్లదు. పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు, మెడలో వేలాడే కార్డు చాలనుకుని వెళ్లి వెనక్కి వస్తారు. బ్యాలెట్ కాగితం, పెన్సిల్, ఒక గుణకారం గుర్తు, అంతే. మెషీను లేదు. వేలికి సిరా చుక్క కూడా పెట్టరు, కాబట్టి వాట్సాప్‌లో వేలి ఫొటో పంపలేదని అలగకండి.

ఒక్క చిక్కు. బ్రిస్టల్ కౌన్సిల్ మొత్తానికి ఎన్నికలు నాలుగేళ్లకోసారి, 2024 అయ్యాక మళ్లీ 2028లో. మధ్యలో ఎక్కడైనా ఉప ఎన్నిక వస్తే తప్ప ఏడాది ఎమ్మెస్సీకి అంత ఓపిక ఉండదు. అదే మాంచెస్టర్‌లో చదువుతుంటే వేరు, అక్కడ 96 సీట్లలో మూడో వంతు చొప్పున నాలుగేళ్లలో మూడుసార్లు ఎన్నికలు పెడతారు.

ప్రశ్న: బ్రిస్టల్లో మేయరు పదవి తీసేశారని మా ఆఫీసులో ఒకతను అన్నాడు. మరి 2025 మేలో అక్కడ మేయరు ఎన్నికలో లేబర్ గెలిచిందని వార్తల్లో చూశాను. ఎవరు కరెక్టు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: ఇద్దరూ. తీసేసింది సిటీ మేయర్ని. 2025లో ఎన్నికైంది వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ మేయరు, అంటే బ్రిస్టల్‌తో పాటు బాత్ వైపూ సౌత్ గ్లోస్టర్‌షైర్ వైపూ కలిపిన ప్రాంతానికి, బస్సులూ శిక్షణలూ లాంటి వాటి కోసం. లేబర్ అభ్యర్థి హెలెన్ గాడ్విన్ గెలిచారు. ఇవి చాలవన్నట్టు లార్డ్ మేయరు అని ఇంకొకరున్నారు, ఆ పదవికి మెడలో గొలుసు, రిబ్బన్ కత్తిరించడం తప్ప అధికారం లేదు.

ఆ గాడ్విన్ గెలుపు లెక్క మాత్రం ఒకసారి చూడండి. ఆమెకి పోలైన ఓట్లలో వచ్చింది 25 శాతం. పోలింగేమో 30 శాతం. నూరుమంది ఓటర్లుంటే ముప్ఫై మంది కదిలారు, వాళ్లలో ఏడెనిమిది మంది ఆమెకేశారు, పదవి వచ్చేసింది! పాత పద్ధతిలో మేయరు ఎన్నికకి రెండో ఇష్టం కూడా గుర్తు పెట్టనిచ్చేవారు, ఎవరికీ సగం రాకపోతే ఆ రెండో ఓట్లు కలిపేవారు. 2022లో చట్టం మార్చి అది తీసేశారు. అందుకే 2025లో మన దగ్గరలాగే, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. ఇద్దరు పోటీపడితే ఈ పద్ధతి బాగానే ఉంటుంది, ఐదు పార్టీలు సమానంగా లాక్కుంటే ఇలా ఏడుగురు ఎనిమిది మందితో తేలిపోతుంది. నాకు నచ్చదు, కానీ నా ఓటు అక్కడ లేదు.

ప్రశ్న: ఇద్దరికి సమానంగా ఓట్లొస్తే?
– డిగ్రీ విద్యార్థిని, బీటీఎం లేఅవుట్

జవాబు: లాటరీ, అమ్మాయీ. 2017లో నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్, సౌత్ బ్లైత్ వార్డులో ఇద్దరూ సమానమైతే పుల్లలు లాగించారు. లాగి ఓడిపోయింది కన్సర్వేటివ్ అభ్యర్థి, ఆ ఒక్క సీటూ పోవడంతో కౌన్సిల్లో వాళ్ల పార్టీ మెజారిటీకి ఒకటి తక్కువైంది. మన దగ్గరా ఇంతే, అదే ఏడు ముంబై కార్పొరేషన్‌లో ఒక వార్డు చీటీతోనే తేలింది.

ప్రశ్న: బర్మింగ్‌హామ్ కౌన్సిల్ దివాలా తీసిందని చదివాను. దివాలా తీసిన చోట గెలిచి ఏం చేస్తారు? అయినా ఇక్కడ మనకి ఏళ్ల తరబడి కార్పొరేటర్లే లేరు, ఊరు నడవలేదా?
– కిరాణా వ్యాపారి, కె.ఆర్.పురం

జవాబు: మీ రెండో ప్రశ్న నాకు ఎక్కువ మంట పుట్టించింది, కానీ వరసలో వెళ్దాం.

షాపు దివాలా తీసినట్టు అక్కడ కౌన్సిల్ మూతపడదు. 2023 సెప్టెంబర్ 5న బర్మింగ్‌హామ్ వాళ్లు సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు, అంటే చట్టప్రకారం తప్పనిసరి అయిన పనులు తప్ప కొత్త ఖర్చు బంద్. కారణం వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఒకే విలువున్న పని చేస్తున్న ఆడవాళ్లకి మగవాళ్లకన్నా తక్కువ జీతం ఇచ్చుకుంటూ వచ్చారు, ఆ బకాయిలు 76 కోట్ల పౌండ్ల దాకా పోవచ్చని అంచనా వేశారు. దానికి తోడు పెట్టుకున్న కొత్త కంప్యూటర్ వ్యవస్థ ఖర్చు కూడా మీద పడింది. 2022లో 101 సీట్లలో లేబర్‌కి 65 వచ్చాయి, బ్రిస్టల్లాగా కాదు, గట్టి మెజారిటీ. అయినా ఏం లాభం, లండన్ నుంచి ప్రభుత్వం కమిషనర్లని పంపింది, డబ్బుసంచీ దగ్గర వాళ్లు కూర్చున్నారు. కౌన్సిల్ ట్యాక్స్, అంటే మన ఇంటి పన్ను లాంటిది, 2024లో దాదాపు 10 శాతం, మరుసటి ఏడు 7.5 శాతం పెంచారు. 2025 మార్చిలో చెత్తబండ్ల కార్మికులు పూర్తి సమ్మెకి దిగితే వీధుల్లో నల్ల సంచుల గుట్టలు, వాటి చుట్టూ ఎలకలు. గెలిచిన సీట్లు లెక్కపెట్టి ఊరుకుంటే ఇవేవీ కనబడవు.

ఇక మన ఊరు. 2020 సెప్టెంబర్‌లో బీబీఎంపీ కౌన్సిల్ గడువు తీరింది, ఐదేళ్లు దాటినా ఎన్నిక జరగలేదు, అంతా అధికారులే నడిపారు. ఈలోగా బీబీఎంపీయే పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లయ్యాయి. నడిచిందండీ ఊరు, నడవకేం. ఆటో టిప్పరు వచ్చింది, పౌరకార్మికులు ఊడ్చారు. కానీ ఖాతాలో, అంటే కార్పొరేషన్ వాళ్ల ఆస్తి రికార్డులో, ఇంటిపేరు తప్పు పడిందని నేను ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను, కిటికీ అవతల మనిషి మారుతూ ఉన్నాడు, నా కాగితం మారలేదు. పాత కార్పొరేటరు మహానుభావుడని కాదు, అయినా ఆయన ఇల్లు ఎక్కడో తెలుసు, పొద్దున్నే పోయి గేటు దగ్గర నిలబడితే బయటికి రాక తప్పేది కాదు.

బర్మింగ్‌హామ్ వాళ్లకి డబ్బు లేకపోయినా ఆ గేటు మిగిలింది. అక్కడ కౌన్సిలర్లు వారానికో నెలకో ఒకపూట లైబ్రరీలోనో చర్చి హాల్లోనో కూర్చుని జనం మాట వింటారు, దాన్ని సర్జరీ అంటారు, కత్తులుండవు, అప్పుడప్పుడు తిట్లుంటాయి.

ప్రశ్న: బెంగళూరులో కూర్చుని ఇంగ్లండు కౌన్సిల్ ముచ్చట్లు మనకెందుకండీ? ఎందుకో సరే, మా అమ్మాయి కూడా బ్రిస్టల్లోనే ఉద్యోగం చేస్తోంది, 2028 దాకా ఉంటుంది. ఏ పార్టీకి వేయాలో అదైనా చెప్పండి.
– గృహిణి, హొరమావు

జవాబు: మొదటి ప్రశ్నకి జవాబు మీ రెండో ప్రశ్నలోనే ఉందమ్మా. రెండోదానికి నేను చెప్పను. కానీ తలుపు కొట్టినవాళ్లని ఏం అడగాలో చెబుతాను. 2021 లెక్క ప్రకారం బ్రిస్టల్ జనాభా దాదాపు నాలుగు లక్షల డెబ్బై వేలు, కౌన్సిలర్లు 70 మంది, అంటే ఒక్కొక్కరికి ఆరేడు వేల మంది. మన పాత 198 వార్డుల్లో 2011 లెక్క ప్రకారమే ఒక్కో కార్పొరేటరుకి నలభై వేల పైమాట. అందుకే అక్కడ వాళ్లు నిజంగానే తలుపు కొడతారు.

2025 మొదట్లో అక్కడి కౌన్సిల్, ఇంట్లో వాడే నల్ల బిన్నుని నాలుగు వారాలకోసారి ఖాళీ చేస్తే ఎలా ఉంటుందని జనాన్ని అడిగింది. జనం గగ్గోలు పెట్టారు, ఆ నాలుగు వారాల మాట వెనక్కి పోయింది. కాబట్టి ఓటడగడానికి ఎవరొచ్చినా మీ అమ్మాయిని బిన్ను ముందు నిలబెట్టి ఒకటే అడగమనండి: ఇది ఎన్నాళ్లకోసారి తీస్తారు, తీయకపోతే నేను ఎవరికి ఫోన్ చేయాలి? వాళ్లేం చెప్పారో నాకూ రాయండి.