ఈకలు చూసి మోసపోకు

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. ఒకటి పచ్చది, ఒకటి నీలంది, రెండు బడ్జీలు, అదే ఆ చిన్న చిలక జాతి పిట్టలు, తెచ్చుకున్నావని రాశావు. పంజరం ఎంత ఉండాలి, అందులో ఏం వేలాడదీయాలి అని అడిగావు. అవీ చెబుతాను. కానీ నువ్వు అడగని సంగతి ముందు చెప్పాలి. పిట్ట తన జబ్బును దాచుకుంటుంది, ఈకలు దానికి తోడు దొంగలు.

గుంపులో నీరసంగా ఉన్నదాన్నే డేగ ముందు తన్నుకుపోతుంది. ఆ భయం పంజరంలో పుట్టినదానికీ ఉంటుంది. నువ్వు దగ్గరికి వెళ్ళగానే ఒంట్లో బాగాలేని పిట్ట కూడా ఒళ్ళు సర్దుకుని నిటారుగా నిలబడుతుంది. అందుకని రోజూ కాసేపు దూరంగా, నీ మీద దాని దృష్టి పడని చోట కూర్చుని చూడు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోందా? పట్టపగలు బంతిలా ఉబ్బి కళ్ళు మూస్తోందా? పంజరం అడుగున కూర్చుందా? అడుగున కూర్చున్నదాన్ని చూసి రేపటికి తేరుకుంటుందిలే అనుకోకు. ఆ రోజే పక్షుల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

ఇంకో మాట, చూపు కంటే త్రాసు నిజం చెబుతుంది. గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు ఒకటి దీనికోసమే పెట్టుకో. ఉదయం మేత వెయ్యకముందు, ఒకే వేళకు తూచి రాసుకో. బడ్జీ మామూలుగా ముప్పై, నలభై గ్రాముల మధ్య ఉంటుంది. 35 గ్రాముల పిట్ట మూడున్నర గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టే. అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినంత లెక్క. పైకి మాత్రం ఏమీ తెలియదు, ఈకలు అలాగే నిండుగా ఉంటాయి. వేలితో ఎద మధ్య తడిమి చూడు, పడవ అడుగులా నిలువుగా ఒక ఎముక తగులుతుంది. దానికి రెండు పక్కలా కండ ఉబ్బెత్తుగా ఉంటే మంచిదే. కత్తి అంచులా ఎముక ఒక్కటే తగిలితే పిట్ట చిక్కిపోయిందన్నమాట.

తడిమేటప్పుడు మాత్రం జాగ్రత్త. నాకు పదమూడేళ్ళప్పుడు, ఎగిరిపోతుందేమోనని ఒక చిన్న పిట్టను గుప్పిట్లో బిగించాను. కరవలేదు, అరవలేదు, నోరు తెరుచుకుని ఊరుకుంది. మచ్చికైందని మురిసిపోయాను. గుప్పిలి విప్పేసరికి తల వాలిపోయింది. భయంతో చచ్చిపోయిందన్నారు ఇంట్లో. అసలు కారణం నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మనకు ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరిని ఆడించే కండర పొర ఉంది కదా, పిట్టకు అలాంటిది లేదు. ఎద ఎముక ముందుకు జరిగితేనే గాలి లోపలికి వెళుతుంది, వెనక్కి జరిగితేనే బయటికి వస్తుంది. ఆ ఎముకను నొక్కి పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరాడదు.

తలను రెండు వేళ్ళ మధ్య మెల్లగా ఉంచి, వీపు అరచేతిలో ఆనేలా పట్టుకో. ఎద మీద వేలు పడకూడదు. మెడ దగ్గర పట్టుకుంటే ప్రమాదం కాదా అంటావు. దాని గాలిగొట్టం చుట్టూ గట్టి వలయాలు పూర్తిగా చుట్టుకుని ఉంటాయి, మెత్తగా పట్టుకుంటే నలగదు. ఎద సంగతి అలా కాదు.

ఆ ఊపిరి ఏర్పాటే ఒక వింత. ఊపిరితిత్తులు మనవాటిలా ఉబ్బవు. వాటికి తోడు ఒంట్లో గాలి సంచులుంటాయి, చాలా పక్షుల్లో తొమ్మిది. పీల్చిన గాలి మొదట వెనకవైపు సంచుల్లోకి పోతుంది, వదిలినప్పుడు ఊపిరితిత్తుల్లోకి, మళ్ళీ పీల్చినప్పుడు ముందువైపు సంచుల్లోకి, ఆ తర్వాత వదిలితే బయటికి. అంటే ఒక గుక్క గాలి వచ్చి వెళ్ళడానికి రెండు ఊపిరులు. గాలి ఎప్పుడూ ఒకే దారిన పారుతుంది గనక దానిలోని ప్రాణవాయువును మనకంటే బాగా పిండుకుంటుంది. విషం ఉంటే దాన్నీ అంతే బాగా పిండుకుంటుంది! బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కనరీ పిట్టల్ని వెంట ఉంచుకున్నది ఇందుకే. విషవాయువు మనిషికి తెలిసేలోపే పిట్ట తూలిపోయేది.

నీ ఇంట్లో గని లేదు, నాన్‌స్టిక్ పెనం ఉంది. ఖాళీ పెనాన్ని పొయ్యి మీద మరిచిపోతే, బాగా వేడెక్కిన పూత నుంచి వచ్చే ఆవిరి పక్కగదిలో ఉన్న పిట్టను కూడా చంపేస్తుంది. నీకు వాసన కూడా తగలకపోవచ్చు. నన్నడిగితే పిట్టలున్న ఇంట్లో ఆ పెనమే వద్దు. సిగరెట్ పొగ, సెంటు స్ప్రేలు, రంగుల వాసన కూడా వాటి దరిదాపులకు రానీయకు.

మేత దగ్గర కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. బడ్జీ గింజ పొట్టు ఒలుచుకుని లోపలి పప్పు తిని, పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. గిన్నె నిండుగా కనిపిస్తుంది, పిట్ట పస్తుంటుంది. రోజూ పొట్టు ఊదేసి చూడు. గింజల మీదే పెంచకు, వాటిలో కొవ్వెక్కువ, విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. ఆకుకూర, క్యారెట్, పక్షుల కోసం చేసిన పెల్లెట్లు (మేత గుళికలు) మెల్లగా అలవాటు చెయ్యి. మొదట్లో మొహం తిప్పుకుంటాయి, మానకు. అవకాడో, చాక్లెట్ మాత్రం విషం. ఇసుక వెయ్యమని ఎవరైనా చెబితే వినకు. పావురం గింజను పొట్టుతో మింగుతుంది, దాన్ని నూరడానికి కందనకాయలో రాళ్ళు కావాలి. ఒలుచుకు తినేదానికి ఆ అవసరం లేదు.

పంజరం అడుగున మామూలు తెల్ల కాగితం పరుచు, రెట్ట చదవడానికి వీలవుతుంది. నవ్వకు, పిట్ట గురించి నీకు వచ్చే రోజువారీ ఉత్తరం అదే. అందులో మూడు భాగాలుంటాయి: ఆకుపచ్చగానో గోధుమరంగుగానో గట్టి ముద్ద, దాని మీద సున్నంలాంటి తెలుపు, చుట్టూ కొంచెం నీరు. పండు తిన్నాక నీరెక్కువైతే ఫరవాలేదు. తెలుపు పసుపుపచ్చగా మారితే, ముద్దలో గింజలు అరగకుండా పడితే డాక్టరుకు చూపించు. కాగితం తీసేముందు తడుపు. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే చిలక జాతి పిట్టల నుంచి మనుషులకు జ్వరం, దగ్గు పట్టుకునే జబ్బొకటుంది. నీకే అలా వస్తే ఇంట్లో పిట్టలున్నాయని మీ డాక్టరుకు చెప్పడం మరచిపోకు.

ఇక పంజరం. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, పిట్ట పక్కకు ఎగురుతుంది గానీ నిలువునా కాదు. ఊచల మధ్య సందు అర అంగుళం మించకూడదు. నున్నటి కర్రలు తీసేసి, మందు కొట్టని చెట్టు కొమ్మలు సన్నవీ లావువీ కలిపి పెట్టు. నిద్రలో కూడా పిట్ట పడిపోకుండా కాలు మడవగానే కండను ఎముకకు కట్టే స్నాయువులు లాగి వేళ్ళు వాటంతటవే కొమ్మను బిగిస్తాయి. ఎప్పుడూ ఒకే లావు కర్ర మీదుంటే బరువంతా ఒకే చోట పడి పాదం పుండవుతుంది. బొమ్మలు నీ ఇష్టం, నాకైతే అవి పిట్టల కంటే మనుషుల సరదా కోసమే అనిపిస్తుంది. రెక్కలు కత్తిరించమని సలహా ఇస్తారు, నేనైతే వద్దంటాను.

ఇంకో జత కొనేస్తావని తెలుసు. కొంటే ఆ కొత్తవాటిని నెలరోజులు వేరే గదిలో ఉంచు.

రేపటి నుంచి వారం రోజులు రెండింటి బరువూ తూచి, అంకెలు రాసి పంపు. రంగులు ఎంత ముద్దొస్తున్నాయో తర్వాత రాద్దువుగాని.

ఇట్లు,
మీ పెదనాన్న